ఖాతం పెట్టెకు అతుకు: 46 × 31 మిల్లీమీటర్లు, 174 గంటలు

పని ఇది. పాత ఇరానీ చెక్క పెట్టె, బయటి కొలత 210 × 140, ఎత్తు 75 మి.మీ. మూత మీద కుడి మూలలో పైపొర ఊడిపోయింది. ఊడిన ముక్క ఎక్కడా దొరకలేదు. అంచు పట్టీ మాత్రం చెక్కుచెదరలేదు. ఖాళీ మేరకు కొత్త పొర చేసి, పాతదాని నమూనాలో కలిసిపోయేలా అతికించాలి.

పెట్టె నా స్నేహితుడిది. బాలానగర్‌లో ఇరవై ఏళ్లు ఒకే టూల్‌రూమ్‌లో (డైలు, అంటే లోహపు అచ్చులు చేసే షాపులో) పనిచేశాం. వాళ్ల తాత యజ్ద్ నుంచి హైదరాబాద్ వచ్చి చాయ్ హోటల్ పెట్టినాయన. పెట్టె నానమ్మది. "డైలు చేసిన చెయ్యి, ఇదెంత పని అన్నా నీకు?" అన్నాడు. ఎంతో కింద గంటల్లోనూ రూపాయల్లోనూ రాశాను. ఇలాంటి పెట్టె మరమ్మతుకు వస్తే నేను పాడుచేసినవి మీరు పాడుచేయకండి.

ఖాతంకారీ తెలియని వాళ్లకు రెండు మాటలు. ఇరాన్‌లోని షిరాజ్, ఇస్ఫహాన్ ఊళ్లలో, అక్కడ ఏలిన సఫవీ రాజుల కాలంలో బాగా పెరిగిన పని. టెహ్రాన్‌లోని మార్బుల్ ప్యాలెస్‌లో ఒక హాలు హాలంతా ఈ పనే ఉంది. దూరం నుంచి చూస్తే ఒక్కో ముక్కా కోసి పొదిగినట్టు కనిపిస్తుంది. అలా కాదు. చెక్క, ఎముక, ఇత్తడి సన్నటి త్రికోణపు కడ్డీలుగా చేసి, నక్షత్రం వచ్చేలా కట్టకట్టి, ఆ కట్టలన్నీ దిమ్మెగా అతికించి, దిమ్మెను అడ్డంగా పలచగా కోస్తారు. ఆ కోసిన పలకనే పెట్టె మీద అంటిస్తారు. దమస్కు, ఇస్తాంబుల్ ముత్యపుచిప్ప పని వేరు. అక్కడ చిప్పను ముక్కముక్కగా కోసి చెక్కలో గుంట తీసి కూర్చోబెడతారు.

మొదటి దశ: కొలతలు

పది రెట్ల భూతద్దం, వెర్నియర్ అనే కొలత పరికరం, తెల్లకాగితం. పొర విరిగిన అంచు దగ్గర అన్నీ కనిపిస్తాయి.

1. పొర మందం 1.1 మి.మీ.
2. నమూనాలో ఒక్కో ముక్క సమబాహు త్రికోణం. 24 త్రికోణాలు కలిస్తే ఒక షడ్భుజి. దీన్ని పువ్వు అని పిలుస్తాను.
3. పువ్వు మధ్యలో ఆరు త్రికోణాలు: మూడు ఇత్తడి, మూడు ఎర్ర చెక్క, ఒకటి విడిచి ఒకటి. వాటి చుట్టూ నక్షత్రపు మొనలు ఆరు, తెల్లవి. మొనల మధ్య సందుల్లో పన్నెండు నల్లవి.
4. వరసగా పది పువ్వుల దూరం 41.6 మి.మీ. అంటే ఒక పువ్వు 4.16.

పువ్వు అడ్డం కొలతలో నాలుగు త్రికోణాల ఎత్తు వస్తుంది. 4.16ను నాలుగుతో భాగిస్తే 1.04. ఎత్తు 1.04 అయితే భుజం 1.2 మి.మీ. ఈ లెక్కలో ఒక తప్పుంది. అది నాకు ఆరో దశలో గానీ తెలియలేదు. ఇక్కడే పట్టుకోగలిగారేమో చూడండి.

తెల్లది ఎముకా, దంతమా అన్నది ముందే తేల్చుకోవాలి. దంతమైతే నేను ముట్టుకోను. మన దగ్గర ఏనుగు దంతం కొనడం, అమ్మడం నేరం. భూతద్దంలో తెల్ల ముక్కల్లో సన్నటి నల్ల చుక్కలు, చిన్న గీతలు కనిపించాయి. అవి ఎముకలో రక్తనాళాలు నడిచిన దారులు. దంతంలో ఇవి ఉండవు. కాబట్టి ఎముకే. ఇరాన్‌లో ఎక్కువగా ఒంటె ఎముక వాడతారు.

అతుక్కి 12 పువ్వుల వరసలు తొమ్మిది చాలు. 108 పువ్వులు. కడ్డీల లెక్క:

ఇత్తడి 324, ఎర్ర చెక్క 324, ఎముక 648, నల్ల చెక్క 1,296. మొత్తం 2,592.

కడ్డీ పొడవు 60 మి.మీ. పెట్టుకున్నాను. ఎముకలో అంతకన్నా పొడవుగా తిన్నటి ముక్క దొరకడం కష్టం, కారణం అదొక్కటే. అన్నీ ఒకదాని వెనక ఒకటి పెడితే 155 మీటర్లు దాటుతుంది.

ఇప్పటివరకు: 6 గంటలు, రూ. 450.

రెండో దశ: చెక్క, గాడి జిగ్

ఇరాన్ వాళ్లు నలుపుకు నల్లచేవ మాను, ఎరుపుకు అన్నాబ్ చెక్క, పసుపుకు నారింజ చెక్క వాడతారు. అన్నాబ్ అంటే రేగు జాతి. మన రేగు చెక్కా లోపల ఎర్రటి గోధుమ రంగే. స్నేహితుడి పెరట్లో ఎండిన రేగు కొమ్మ దొరికింది. నలుపుకు తునికి. బీడీ ఆకు చెట్టే, ముదురు మాను నడిమి చేవ నల్లగా ఉంటుంది. జుమ్మేరాత్ బజార్‌లో పాత తునికి చేతికర్ర 200 రూపాయలకు కొన్నాను. అందులో సగం మాత్రమే నిజంగా నలుపు.

జిగ్ అంటే ఉక్కు దిమ్మెలో 60 డిగ్రీల గాడి, లోతు 1.04. చెక్క పుల్లను గాడిలో పెట్టి పైకి తేలిన భాగాన్ని చిత్రిక పడితే ఒక ముఖం వస్తుంది. తిప్పి పెట్టి రెండోది, మళ్లీ తిప్పి మూడోది.

మొదటి జిగ్ పాడు. రెండు తప్పులు.

ఒకటి: గాడి అడుగును సూదిమొనలా చేయించాను. అందులో పొట్టు చేరి పుల్ల పైకి లేచింది. వరసగా పది కడ్డీలు కొలిస్తే 0.94 నుంచి 1.04 వరకు వచ్చాయి. గాడి అడుగున 0.3 మి.మీ. సన్న చీలిక పెట్టించాక పొట్టు అందులోకి పోతోంది. తేడా 0.03కి దిగింది.

రెండు: చిత్రికను పుల్ల మీద నెట్టాను. మిల్లీమీటరు మందం పుల్ల నెడితే వంగుతుంది, మధ్యలో పైకి లేచి విరుగుతుంది. 40 పుల్లల్లో 17 విరిగాయి. అప్పుడు తిరగేశాను. చిత్రిక బ్లేడును జిగ్ మీద కదలకుండా బిగించి, పుల్లను శ్రావణంతో పట్టి దాని కింద నుంచి లాగాను. లాగితే పుల్ల బిగుసుకుంటుంది, వంగదు. ఆ తరవాత వందకు నాలుగే విరిగాయి.

పుల్లలు రంపంతో కోయకండి. కత్తితో ఈనె వెంట చీల్చండి. రంపంతో కోస్తే ఈనె అడ్డంగా తెగి, లాగేటప్పుడు అక్కడే పుటుక్కుమంటుంది.

ఖర్చు: చేతికర్ర 200, బ్లేడు 350, జిగ్ ఉక్కు, మిల్లింగ్ 600.

ఇప్పటివరకు: 28 గంటలు, రూ. 1,600.

మూడో దశ: ఎముక

బర్రె కాలి ఎముకలు, మాంసం కొట్టు నుంచి. మొదటి రెండింటినీ తొందరగా అవుతుందని పాత ప్రెషర్ కుక్కర్‌లో పెట్టాను. అరగంటలో కొవ్వు పోయింది, ఎముక జిగురూ పోయింది. సుద్దముక్కలా అయింది, గోటితో గీస్తే పొడి రాలింది. వాసన మూడు రోజులు పోలేదు. ఆ రోజు నుంచి ఈ పని మేడ మీదే చేయాలని మా ఆవిడ రూలు పెట్టింది. కుక్కర్ కూడా మేడ ఎక్కింది.

సరిగ్గా వచ్చిన పద్ధతి:

1. ఎముక రెండు చివరలూ కోసేసి లోపలి మూలుగు తీయాలి.
2. వాషింగ్ సోడా కలిపిన నీళ్లలో మూడు గంటలు. నీళ్లు మరగకూడదు, ఆవిరి లేస్తూ ఉండాలి. పైన తేలిన కొవ్వు తీస్తూ ఉండాలి.
3. కడిగి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో రెండు రోజులు.
4. నీడలో పదిహేను రోజులు. ఎండలో పెట్టింది పగిలింది.
5. పలకలుగా కోసి, గాడి జిగ్‌లో. ఎముకకు చిత్రిక బ్లేడు పనికిరాదు, బ్లేడు స్థానంలో సన్న ఆకురాయి బిగించాను.

ఎముక పొడి ముక్కులోకి పోనివ్వకండి, మాస్కు తప్పనిసరి. ఒక్కో ఎముకకు 80 నుంచి 90 కడ్డీలు వచ్చాయి. కుక్కర్ పాలైన రెండూ కాక ఎనిమిది ఎముకలు పట్టాయి.

ఖర్చు: ఎముకలు 240, సోడా, పెరాక్సైడ్ 140.

ఇప్పటివరకు: 39 గంటలు, రూ. 1,980.

నాలుగో దశ: ఇత్తడి తీగ

గుండ్రటి తీగను త్రికోణపు రంధ్రంలోంచి లాగి త్రికోణం చేయాలి. ఇది నా రంగమే అనుకుని ధీమాగా మొదలుపెట్టాను, అందుకే దెబ్బ తిన్నాను.

వైశాల్యం లెక్క వేసి, త్రికోణానికి దాదాపు సమానమైన 1 మి.మీ. తీగ తీసుకుని లాగాను. తీగ ముఖాలు కాస్త చదునయ్యాయి, మొనలు మాత్రం గుండ్రంగానే ఉన్నాయి. లోహం మూలల్లోకి పాకి నిండదు, లాగేటప్పుడు లోపలికే పోతుంది. త్రికోణం మొనలు మూడూ తాకేంత వృత్తం నుంచి మొదలుపెట్టాలి. 1.2 భుజానికి ఆ వృత్తం వ్యాసం 1.39. కాబట్టి తీగ 1.4 మి.మీ.

6 మి.మీ. డీ2 రకం గట్టి ఉక్కు పలకలో వైర్‌కట్ (కరెంటు పారే తీగతో లోహాన్ని కోసే మెషీన్) మీద మూడు రంధ్రాలు: భుజాలు 1.8, 1.5, 1.2. లోపలికి వెళ్లే వైపు అంచును చేత్తో నున్నగా అరగదీశాను. తీగకు బట్టల సబ్బు పట్టించి లాగాను. మొదటి రెండూ బాగానే దాటింది. మూడోదాంట్లో ప్రతి మీటరుకూ తెగింది. కాగితం మీద చూస్తే కారణం కనిపించింది. మొదటి రెండు రంధ్రాల్లో వైశాల్యం 22, 23 శాతం తగ్గుతోంది, మూడోదాంట్లో ఒక్కసారిగా 33 శాతం. మధ్యలో 1.35 రంధ్రం ఒకటి చేర్చాక తెగడం ఆగింది. ప్రతి రెండు రంధ్రాలకూ ఒకసారి తీగను మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లార్చాలి.

ఇంకొకటి. త్రికోణపు తీగ లాగేటప్పుడు మెలి తిరుగుతుంది. కంటికి కనిపించదు, కట్టలో పెట్టాక సందు వస్తుంది. ఒక చివర వైస్‌లో బిగించి, రెండో చివర శ్రావణంతో పట్టి గట్టిగా ఒక్క లాగు లాగితే మెలి పోతుంది.

మీటరు తీగ లాగితే రెండున్నర మీటర్లవుతుంది. కావలసింది 19.5 మీటర్లు, అంటే ఎనిమిది మీటర్ల తీగ చాలు. చుట్ట కొంటే 400 గ్రాములు ఇచ్చాడు.

ఖర్చు: మూడు రంధ్రాల పలక 2,400, నాలుగో రంధ్రం 600, తీగ 420.

ఇప్పటివరకు: 48 గంటలు, రూ. 5,400.

ఐదో దశ: జిగురు

మొదట ఐదు నిమిషాల ఎపాక్సీ. 24 కడ్డీలు సర్దేలోపే గట్టిపడింది. తరవాత నిదానంగా ఆరే రకం. ఈసారి సర్దడానికి టైం దొరికింది గానీ, వైస్‌లో బిగించగానే కడ్డీలు ఒకదాని మీంచి ఒకటి జారాయి. పైనుంచి నొక్కితే పక్కకు ఉబ్బుతుంది, పక్కల నొక్కితే పైకి. ఆరు వైపుల నుంచి నొక్కే క్లాంపు ఒకటి గీసి, చేయించబోయాను. కోసి చూసిన ముక్కలో ఎపాక్సీ రంపం వేడికి మెత్తబడి పళ్లకు అంటుకుంది.

అప్పుడు మా వీధి చివర ఉండే వడ్రంగి మేస్త్రిని పిలిచి చూపించాను. డెబ్బై దాటిన మనిషి. కట్టను చేతిలో తిప్పి, నా మైక్రోమీటర్ వంక చూశాడు.

"సార్, మీరు కొలుస్తున్నారు, కట్టట్లేదు."

"అంటే?"

"దారం చుట్టండి. సరేసు పెట్టండి. కొలవడం కాదు, ఏరుకోండి. లావువన్నీ ఒక కుప్ప, సన్నవన్నీ ఒక కుప్ప. ఒక కట్టలో ఒక కుప్పవే పెట్టండి."

దారం అన్ని వైపుల నుంచీ మధ్యకే లాగుతుంది. నేను గీసిన క్లాంపు చేయాల్సిన పని రెండు రూపాయల దారం చేస్తుంది. ఏరడం గురించి చెప్పింది కూడా నాకు తెలిసిన సంగతే. బేరింగుల పనిలో అలాగే చేస్తారు, గోళీలను కొలత ప్రకారం వేరుచేసి ఒక బేరింగ్‌లో ఒక రకమే వేస్తారు. ముప్పై ఏళ్లు టూల్‌రూమ్‌లో ఉండి ఈ పనికి అది తట్టలేదు. క్లాంపు డ్రాయింగ్ చింపలేదు, చాలా బాగా గీశాను.

సరేసు అన్న మాటే పారసీ నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చింది. జంతు చర్మం, ఎముకల జిగురు. ఆరేకొద్దీ ముడుచుకుని అతుకును దగ్గరికి లాగుతుంది. వేడి చేస్తే మళ్లీ కరుగుతుంది కాబట్టి తప్పు పెట్టింది విప్పుకోవచ్చు. ఎపాక్సీతో ఆ వీలు లేదు.

1. గింజల సరేసు ఒక వంతు, చన్నీళ్లు రెండు వంతులు. రాత్రంతా నానాలి.
2. వేడినీళ్ల గిన్నెలో చిన్న గిన్నె పెట్టి 60 నుంచి 65 డిగ్రీలు. 70 దాటితే పట్టు పోతుంది. థర్మామీటర్ వాడండి, వేలు పెట్టి చూసి ఒక గిన్నెడు పారబోశాను.
3. కడ్డీలు కూడా గోరువెచ్చగా ఉండాలి. లేకపోతే తాకగానే గడ్డకడుతుంది.
4. ఇత్తడిని 220 నంబరు గరుకు కాగితంతో గీకి, అసిటోన్‌తో తుడిచి, వెల్లుల్లి రెబ్బ కోసి రుద్దాలి. నాకు నమ్మకం లేక పది కడ్డీలకు రుద్ది, పదింటికి రుద్దకుండా చూశాను. రుద్దనివాటిలో ఆరు ఊడాయి, రుద్దినవాటిలో ఒకటి.
5. 24ను ఒకేసారి కట్టకూడదు. ముందు మధ్య ఆరు. ఆరాక ఎముక మొనలు ఆరు. ఆరాక నల్లవి పన్నెండు. ప్రతిసారీ నూలు దారం 4 మి.మీ. ఎడంతో బిగువుగా చుట్టి, 12 గంటలు ఆగి, దారం విప్పి, పైన పేరుకున్న జిగురు గీకేయాలి.

ఏరడానికి మైక్రోమీటర్ పక్కన పెట్టి ఒక సాధనం చేశాను. రెండు ఉక్కు పట్టీలు, మధ్య సందు ఒక చివర ఎక్కువ, రెండో చివర తక్కువ. కడ్డీని సందులో జారిస్తే ఎక్కడ ఆగితే ఆ కుప్ప. ఒక్కోదానికి నాలుగు సెకన్లు.

ఖర్చు: ఎపాక్సీలు 430, సరేసు 120, దారం 60.

ఇప్పటివరకు: 61 గంటలు, రూ. 6,010.

ఆరో దశ: మొదటి 36 పువ్వులు, అన్నీ వృథా

మూడు వరసలు, వరసకు 12. ఒక్కో పువ్వు 4.28 వచ్చింది. దిమ్మెగా నొక్కితే సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఈ "సర్దుకుంటుందిలే" అన్న మాటకు మా ఫోర్‌మన్ కుర్రవాళ్లను ఎన్నిసార్లు తిట్టాడో.

మూడు వరసలు అతికించి కొలిస్తే 12 పువ్వులు 51.4 మి.మీ. రావలసింది 49.9. పాత పొర పక్కన పెట్టి చూశాను. మొదటి పువ్వు కలిసింది, నాలుగోదాని దగ్గర అనుమానం వచ్చింది, పదకొండోది మూడోవంతు పక్కకు జరిగింది.

తప్పు మొదటి దశ లెక్కలో ఉంది. నేను పాత పెట్టె మీద కొలిచిన 4.16లో షిరాజీ పనివాడి జిగురు కూడా ఉంది. దాన్ని పూర్తిగా త్రికోణాలకే పంచేశాను. ఆపైన నా జిగురు కలిసింది. పువ్వు అడ్డంలో నాలుగు పొరలు, పొరకు 0.03 జిగురు, మొత్తం 0.12. సరైన లెక్క: 4.16లోంచి 0.12 తీసేస్తే 4.04, నాలుగుతో భాగిస్తే 1.01. భుజం 1.165.

ఎత్తులో తేడా 0.03 మాత్రమే. అది పన్నెండు పువ్వుల్లో నలభై ఎనిమిది సార్లు కలుస్తుంది.

జిగురు లెక్క ముందే తెలియాలంటే ఒక్కటే దారి. అన్నిటికన్నా ముందు మూడు పువ్వులు కట్టి, వరసగా అతికించి కొలవండి. ఆ తరవాతే డై చేయించండి. నేను తిరగేసి చేశాను.

ఖర్చు: సరేసు, అసిటోన్, దారం 240.

ఇప్పటివరకు: 85 గంటలు, రూ. 6,250.

ఏడో దశ: మళ్లీ మొదటి నుంచి

అదృష్టం ఏమిటంటే చెక్క, ఎముక జిగ్ మార్చనక్కర్లేదు. సర్ఫేస్ గ్రైండర్ మీద జిగ్ పైముఖం 0.03 తీయిస్తే గాడి లోతు 1.01 అయింది. కట్టని కడ్డీలన్నీ మళ్లీ ఒకసారి లాగితే చాలు. ఇత్తడికి మాత్రం 1.165 రంధ్రం కొత్తగా వైర్‌కట్. పాత ఇత్తడి కడ్డీలు తీగగా ఉన్నంతవరకు పనికొచ్చాయి, ముక్కలు చేసినవి పట్టుకోవడానికి పొడవు చాలక పోయాయి. కట్టిన 36 పువ్వుల్లో పోయిన ఎముకకు బదులు ఎముకలు మళ్లీ కొన్నాను.

ఇక్కడ చెప్పుకోవడానికి ఏమీ లేదు, చేయడమే. రోజుకు ఆరు పువ్వుల చొప్పున, ఒక జట్టు ఆరుతుంటే ఇంకో జట్టు కడుతూ. మే నెల ఎండలో సరేసు తొందరగా ఆరింది. జూన్ మూడో వారంలో వానలు పట్టాక 12 గంటల బదులు 20 గంటలు పట్టింది. రెండు కట్టల మీద బూజు కూడా వచ్చింది.

వరస పేర్చేటప్పుడు మేస్త్రి మాట ఇంకోసారి పనికొచ్చింది. లావు పువ్వు పక్కన సన్న పువ్వు పెట్టాను. ఒక్కో పువ్వు 4.11 నుంచి 4.20 వరకు ఉంది. వరసగా మాత్రం తొమ్మిది వరసలూ 49.8, 50.0 మధ్యనే వచ్చాయి. పాత పెట్టెను అదే భూతద్దంతో మళ్లీ చూస్తే, అందులోనూ పువ్వులు ఒక్కలా లేవు. మొదటిసారి పది పువ్వులు కలిపి కొలిచి భాగించాను కాబట్టి అది నా కంట పడలేదు.

ఖర్చు: వైర్‌కట్ 600, ఎముకలు 240, సరేసు, దారం 210.

ఇప్పటివరకు: 151 గంటలు, రూ. 7,300.

ఎనిమిదో దశ: కోత

తెలిసినవాళ్ల షాపులో మిల్లింగ్ మెషీన్. కట్టర్ 125 మి.మీ. వ్యాసం, 1.2 మందం, నిమిషానికి 70 చుట్లు. పలక 1.8, కోతకు పోయేది 1.2, అంటే పలకకు 3 మి.మీ. 60లో చివరలు తీసేస్తే 52. పదిహేడు పలకలు.

మొదటి ఐదు పలకలు చిరిగాయి. కట్టర్ బయటికి వచ్చే వైపు ఇత్తడి మొనలను పట్టి లాగేసింది, ఇత్తడితోపాటు పక్క ఎముకా వచ్చింది. ఆపి రెండు మార్పులు చేశాను. దిమ్మె నాలుగు పక్కలా 1 మి.మీ. చెక్క రేకు సరేసుతో అంటించాను. కోయబోయే ముఖం మీద ప్రతిసారీ కాగితం అంటించాను. ఫీడ్, అంటే దిమ్మెను కట్టర్ మీదికి జరపడం, చేత్తో, ఒక్కో కోతకు నాలుగు నిమిషాలు. మిగతా పన్నెండూ నిలిచాయి.

నాకు కావలసింది ఒక్కటి. ఖాతం పని ఎందుకు ఇలా పుట్టిందో ఆ పన్నెండు పలకలు చేతిలో పట్టుకున్నప్పుడు అర్థమైంది. కట్టడానికి పట్టిన కష్టం ఒక్క మూతకే అయితే ఎవరూ చేయరు. దిమ్మె ఒకటి, మూతలు డజను. సూరత్, బొంబాయిల సాడేలీ అనే పొదుగు పనిదీ ఇదే కిటుకు. పందొమ్మిదో శతాబ్దంలో విదేశాలకు వెళ్లిన బొంబాయి పెట్టెల మీద ఉన్నది ఈ తరహా కోత పలకలే.

ఖర్చు: కట్టర్ 1,450, చెక్క రేకు 250.

ఇప్పటివరకు: 158 గంటలు, రూ. 9,000.

తొమ్మిదో దశ: మూత మీద

ముందు రెండు పలకలు బలి.

ఒకటి గరుకు కాగితంతో సాన పట్టాను. ఇత్తడి పొడి, తునికి పొడి ఎముక రంధ్రాల్లోకి దిగి తెల్ల నక్షత్రాలు బూడిద రంగుకు తిరిగాయి. ఏం చేసినా పోలేదు. హాక్సా బ్లేడు ముక్క అంచు పదును పెట్టి గీకడమే సరైన దారి. గీకితే పొడి రాదు, పొట్టు వస్తుంది.

రెండోదానికి రంగు సమస్య. పాత ఎముక పసుపు తిరిగింది, కొత్తది పాలలా ఉంది. టీ డికాక్షన్ ఎముకకు మంచి రంగు ఇస్తుందని విడి కడ్డీ మీద చూసుకున్నాను. ఇరానీ పెట్టెకు ఇరానీ చాయ్ రంగు అని స్నేహితుడు హోటల్ నుంచి ఫ్లాస్కులో పంపాడు. పలకను అందులో ముంచాను. సరేసు వేడికి కరుగుతుందని ఐదో దశలో నేనే రాశాను కదా. పది నిమిషాల్లో పలక కప్పు అడుగున 2,592 ముక్కల ఉప్మా అయింది. రంగు వేయదలిస్తే కట్టకముందే, విడి కడ్డీలకే వేయండి.

చివరికి శుద్ధి చేయని లక్క రేకులను స్పిరిట్‌లో కరిగించి పూస్తే, లక్క తేనె రంగే ఎముకకు కొంత పసుపునిచ్చింది. పక్కపక్కన చూస్తే తేడా తెలుస్తుంది.

అతుకు గీత ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యం. ఈ నమూనాలో తిన్నటి గీతలు మూడు దిక్కులకే నడుస్తాయి, ఒకదానికొకటి 60 డిగ్రీలు. 90 డిగ్రీల మూల కోస్తే ఒక వైపు త్రికోణాలన్నీ నిలువునా చీలతాయి, అతుకు కంటికి కొడుతుంది. ఊడిన భాగం అంచు పట్టీ దగ్గర 46, లోపలికి వెళ్లేకొద్దీ సన్నబడింది. అందుకని పాత పొరను 60 డిగ్రీల వాలు గీత మీద కోశాను. కింద 46, పైన 28.

1. పాత జిగురును తడిగుడ్డతో మెత్తబరిచి తీయాలి. నేను గుడ్డ ఎక్కువ తడిపాను, పక్కనున్న పాత పువ్వులు రెండు లేచాయి. సిరంజితో వేడి సరేసు కిందికి ఎక్కించి బరువు పెట్టాను, కూర్చున్నాయి.
2. పలకను ఖాళీలో పొడిగా పెట్టి, నమూనా కలిసేదాకా అంచు ఆకురాయితో తీయాలి. ఇందుకే మూడున్నర గంటలు పట్టింది.
3. మూతకూ పలకకూ సరేసు, పైన కాగితం, దాని మీద వేడి చేసిన ఇనప పలక, క్లాంపు. 24 గంటలు.
4. గీకుడు. కొత్త పొర 1.8 నుంచి పాతదాని మట్టానికి, 1.1కి. పాత పొరకు బ్లేడు తగలకుండా దాని మీద టేపు.
5. లక్క ఆరు పూతలు.

వాలు గీత వైపు పువ్వులు కలిశాయి. పై గీత దగ్గర చివరి రెండు పువ్వులు 0.2 పక్కకు ఉన్నాయి. వేలితో తడిమితే మట్టం తేడా తెలియదు.

ఖర్చు: లక్క, స్పిరిట్, టేపు 260.

ఇప్పటివరకు: 174 గంటలు, రూ. 9,260.

తరవాత

జులై చివర్లో పెట్టె ఇచ్చేశాను. ఆగస్టు మూడో వారంలో ఫోన్: వాన ముసురుకు అతుకు మూల 4 మి.మీ. మేర లేచింది. వెళ్లి చూస్తే వాళ్లు పెట్టెను కిటికీ గట్టు మీద పెట్టారు. తడి గుడ్డ వేసి, పైన ఇస్త్రీ పెట్టె తగిలించి, సరేసు కరిగాక నాపరాయి ముక్క బరువు పెట్టి రాత్రంతా వదిలాను. దిగింది. చాయ్‌కి డబ్బులు తీసుకోలేదు.

మంచి పలకలు పన్నెండులో రెండు పాడయ్యాయి, ఒకటి మూత మీద ఉంది, తొమ్మిది మిగిలాయి. మేస్త్రి వచ్చి ఒకటి తీసుకెళ్లాడు, బీడీల డబ్బా మూతకట. ఎనిమిది ఉన్నాయి.